బండ మీద హాజరు

పనసపుట్టు,
ఫిబ్రవరి 11

చిరంజీవి స్వర్ణకు సర్వేశ్వరరావు మావయ్య దీవెనలు. ఇక్కడ మేమందరం క్షేమం, నా ముఖం తప్ప.

ముఖానికేమైందని కంగారు పడకు. అది రోజూ ఉన్నట్టే ఉంది. మా కాఫీ రైతుల సంఘం హాజరు యాప్ మాత్రం ఈ ముఖం నాది కాదంటోంది. పోయిన శ్రావణంలో పాడేరు పిలిపించి అందరికీ ఫోటోలు తీసి అందులో ఎక్కించారు. ఆ రోజే నాకు పన్నుపోటు. ఎడమ దవడ బూరెలా ఉబ్బిపోయి ఉంది. "వారం ఆగి దిగుతానండీ" అంటే "ఇవాళే ఆఖరు" అన్నారు. తర్వాత పన్ను పీకించుకున్నాను, వాపు పోయింది. వాపుతో పాటు నేనూ పోయాను.

రోజూ పొద్దున తొమ్మిదికీ పదికీ మధ్య ఫోన్‌లో ఫోటో దిగాలి. ఊళ్ళో సిగ్నల్ లేదని నీకు తెలుసుగా, పెద్దబండ ఎక్కాలి. మంచు లేకపోతే అక్కడ ఒక్క గీత వస్తుంది. బండ వారన తేనెపట్లున్నాయి కాబట్టి మెల్లగా నడవాలి, సెంట్లూ గింట్లూ పూసుకోకూడదు. ఇంతా చేసి ఎక్కి పదిసార్లు దిగితే ఒకసారి ఒప్పుకుంటుంది, కొన్ని రోజులు ఎన్నిసార్లు దిగినా "ముఖం సరిపోలలేదు" అంటుంది. ఇప్పటికి ఏడు ఆబ్సెంట్లు పడ్డాయి. ఈ సీజన్‌లో పది పడితే పేరు తీసేస్తారట. పంతొమ్మిదేళ్ళుగా సంఘం తరఫున రైతుల తోటలు చూసుకుంటూ ఈ కొండల్లో తిరుగుతున్నాను. ఏ తోటలో ఏ మొక్క ముందు పూస్తుందో కళ్ళు మూసుకుని చెప్తాను. నేను నేనేనని మాత్రం చెప్పుకోలేకపోతున్నాను.

ఈ గోడు ఎక్కడో వెళ్ళబోసుకోకపోతే నా కడుపు ఉబ్బిపోయేలా ఉంది. మొన్న వచ్చినప్పుడు బ్లాగు అని ఒకటి చూపించావే, అలాంటిది నాకూ ఒకటి పెట్టు. నేను కాగితం మీద రాసి సంత రోజున ముంచింగిపుట్టులో పోస్టు చేస్తాను, నువ్వు నీ డీటీపీ షాపులో టైపు చేసి ఎక్కించు. పేరు "బండ మీద హాజరు". ముందుగా ఈ ఉత్తరాన్నే వెయ్యి. ఫోన్ చేయొచ్చుగా అంటావేమో, బండ మీద మాట్లాడితే సగం మాట నీకు, సగం గాలికి.

ఇట్లు,
ముఖం గల నీ మావయ్య,
సర్వేశ్వరరావు

తా.క.: నిన్న ఒక ఉపాయం తట్టింది. ఉడకబెట్టిన పనసగింజ ఎడమ దవడలో పెట్టుకుని ఫోటో దిగాను. హాజరు పడింది! సరిగ్గా ఆ సైజు గింజ ఇంట్లో అదొక్కటే. సంతోషంలో మింగేశాను.


గాజువాక,
ఫిబ్రవరి 20

మావయ్యకు స్వర్ణ నమస్కారాలు. నేను బాగున్నాను, నా ముఖం కూడా బాగుంది.

నీ ఉత్తరాన్ని తా.క.తో సహా ఎక్కించేశాను. టైపు చేస్తుంటే నవ్వొచ్చింది, ఏడు ఆబ్సెంట్ల దగ్గరికొచ్చేసరికి దిగులేసింది. జనానికి మాత్రం పనసగింజ తెగ నచ్చేసింది. ఆ ఒక్క గీతతో నువ్వు అన్నీ చదవలేవు కాబట్టి కామెంట్లు రాసి పంపుతున్నాను.

హారిక, అనకాపల్లి: "సూపర్ అండీ! ఈసారి పండగ మీ ఊళ్ళోనే!"

ఒక రిటైర్డ్ మాస్టారు: "ఆ బండ ఎక్కి మీతో ఓ కాఫీ తాగాలని ఉంది."

ఒక కాలేజీ కుర్రాడు: "మేం పదకొండు మంది ఫ్రెండ్స్‌మి బ్యాగులు సర్దేశాం బాబాయ్!"

"నిఖార్సు" అని పేరు పెట్టుకున్న ఒకాయన: "పచ్చి అబద్ధాలు. ఆ యాప్‌లో లోపమే లేదు. ముఖం కడుక్కుని దిగమనండి."

చివరాయన్ని పట్టించుకోకు. ఇంటర్నెట్‌లో అలాంటివాళ్ళు ఒకరైనా ఉంటారు. నువ్వు రాస్తూనే ఉండు.

ఇట్లు,
నీ మేనకోడలు, టైపిస్టు,
స్వర్ణ

తా.క.: మా ఓనరు సన్యాసిరావు గారు నీ బాధ చదివి కళ్ళు తుడుచుకున్నారు. షాపులో వేలిముద్ర మిషన్ పెట్టించారు కదా, అది ఆయన వేలిని ఒప్పుకోవట్లేదు. షాపు ఆయనది, మిషన్ ఆయనది, వేలు కూడా ఆయనదే.


పనసపుట్టు,
మార్చి 4

చిరంజీవి స్వర్ణకు మావయ్య దీవెనలు. ఇక్కడ ఊరంతా క్షేమం, హడావుడి కూడా.

మన ఊళ్ళో ఉత్తరమొస్తే అది ఒకరిది కాదని నీకు తెలుసు. యర్రమ్మత్త వాకిట్లో అందరూ కూర్చున్నాక సత్యకుమారి పైకి చదివింది. చదవడం అయిపోగానే యర్రమ్మత్త లేచి నిలబడింది. ఆవిడ మాటంటే ఊరి మాటే కదా.

"ఏటి, పద్నాలుగు మందా? ఏ ఇంటికి ఎందరో బేగి సెప్పండి" అంది.

హారిక అనే అమ్మాయి ఫల్గుణ వాళ్ళింట్లో. మాస్టారు మా ఇంట్లో. పదకొండు మంది కుర్రాళ్ళనూ మూడిళ్ళకు పంచాం. విత్తనాలకూ వేటకూ ముందు మనం చేసుకునే ఇటుకల పండగ ఏప్రిల్‌లో, ఇంకా టైముంది. "మరి ఆ తిట్టినాయనో?" అన్నాడు ఫల్గుణ.

"ఆయనకే ముందు ఆకెయ్యాల. తగువు పెట్టుకున్నోడు మన సేతి కూడు తిన్నాక ఇంక తగువేటుంటాది? ఆయన నా ఇంటికే వత్తాడు" అంది యర్రమ్మత్త.

మన పద్ధతి అదేగా. కాబట్టి అందరికీ పిలుపు రాసి బ్లాగులో పెట్టు. మాంసం తిననివాళ్ళెవరో కనుక్కో. నాకు ఎనిమిదో ఆబ్సెంట్ పడింది, ఆ రోజు మంచు కమ్మేసింది. అయినా చుట్టాలొస్తున్నారన్న సంబరంలో అంత బాధనిపించలేదు.

ఇట్లు,
పండగ పనుల్లో ఉన్న నీ మావయ్య

తా.క.: ఆ కుర్రాళ్ళు అప్పుడే బ్యాగులు సర్దేసుకున్నారట. పండక్కి ఇంకా నెలన్నర ఉంది, బట్టలు ముడతలు పడతాయి, బయటికి తీసుకోమని చెప్పు.


గాజువాక,
మార్చి 13

మావయ్యకు నమస్కారాలు. ఇక్కడ క్షేమం అని రాయాలనే ఉంది కానీ నీ ఉత్తరం చూశాక తల పట్టుకున్నాను.

మావయ్యా, వాళ్ళెవరూ రారు! ఇంటర్నెట్‌లో "వచ్చేస్తున్నాం" అంటే బాగుంది అని అర్థం, అంతే. నేనే ఆరుగురి పోస్టుల కింద "రేపే వచ్చేస్తున్నా" అని రాశాను. గాజువాక దాటలేదు. మేకను కొనకు. చాపలు అల్లించకు. పిలుపు నేను పెట్టలేదు, "ధన్యవాదాలు" అని మాత్రం పెట్టాను.

ఆ నిఖార్సు మళ్ళీ రాశాడు: "దమ్ముంటే ఊరి పేరు చెప్పు. వచ్చి తేలుస్తా." నేను జవాబివ్వలేదు, నువ్వూ ఇవ్వకు. ఇంకో మాట. నీకు ఎనిమిది పడ్డాయి. మీ సంఘం వాళ్ళు బ్లాగు చూస్తే ఆ మిగిలిన రెండూ కూడా ఆగవు. సీజన్ అయ్యేదాకా రాయడం ఆపుదాం. నాకు భయంగా ఉంది.

ఇట్లు,
స్వర్ణ

తా.క.: నీ పనసగింజను ఇప్పటికి రెండువేల మూడొందల మంది చదివారు. అది నీ కడుపులో ఉన్నప్పటికన్నా ఇప్పుడే ఎక్కువ పని చేస్తోంది.


పనసపుట్టు,
మార్చి 25

చిరంజీవి స్వర్ణకు దీవెనలు. నేను క్షేమమే, నీ మీద మాత్రం ఊరంతా కోపంగా ఉంది.

నీ ఉత్తరాన్ని సత్యకుమారి చేత వాకిట్లో రెండుసార్లు చదివించారు. తర్వాత యర్రమ్మత్త అడిగింది: "ఆ గుంట ఆరిళ్ళకి వత్తానని సెప్పి ఎల్లలేదా? ఆరిళ్ళల్లో దానికోసం వొండుంటారు కదరా!" ముందు ఆ ఆరుగురికీ క్షమించమని రాయి. వాళ్ళు రాకపోతే అది వాళ్ళ మర్యాద, మేం ఆకు వేసి ఉంచడం మా మర్యాద. చాపలు అల్లడం అయిపోయింది.

పోతే ఆ నిఖార్సు గారి సంగతి. ఊరి పేరు అడిగిన మనిషికి చెప్పకుండా ఉంటామా? బ్లాగులో జవాబు ఎలా కొట్టాలో నువ్వొచ్చినప్పుడు చూపించావుగా, బండెక్కి ఫోన్‌లో మన బ్లాగు వెతికి నేనే కొట్టాను. మూడు పొద్దులు పట్టింది. అరకు మీదుగా రావాలని, ముంచింగిపుట్టు సంత దాటాక ఎడమకు తిరగాలని, పండగ రోజు యర్రమ్మత్త ఇంట్లో భోజనమని రాశాను. బండెక్కేటప్పుడు సెంటు పూసుకోవద్దని రాయబోతుంటే సిగ్నల్ పోయింది.

ఉన్న ఒక్క గీతా జవాబుకే అయిపోయి ఆ మూడో రోజు హాజరు పడలేదు. తొమ్మిది. సంఘం నుంచి నోటీసు కూడా వచ్చింది, ఇంకొక్కటి పడితే పేరు తీసేస్తారట. స్వర్ణా, నాకూ భయంగానే ఉందమ్మా. ఈ పని తప్ప నాకు వేరే పని రాదు. రేపు తోటల్లోకి ఎవరి మనిషినని చెప్పుకుని వెళ్ళాలి?

ఇట్లు,
తొమ్మిది సార్లు లేనివాడైన నీ మావయ్య

తా.క.: సరైన సైజు పనసగింజ కోసం ఊరంతా అటకలు వెతుకుతోంది. ఫల్గుణ ఒకటి తెచ్చాడు. దాంతో ఫోటో దిగితే యాప్ నన్ను వరహాలు అంది. వరహాలు మా అనంతగిరి మేస్త్రీ.


గాజువాక,
ఏప్రిల్ 7

మావయ్యా, ఈసారి దండాలూ క్షేమాలూ తర్వాత. కొంప మునిగింది.

ఆ నిఖార్సు ఎవరో తెలిసింది. నీ జవాబు కింద అసలు పేరుతో రాశాడు. శ్రీకాంత్, మీ సంఘం విశాఖ ఆఫీసులో టెక్నికల్ ఇన్‌చార్జి. ఆ యాప్ తయారు చేసిందే ఆయన! "పండగ రోజు వస్తున్నాను. ఆ ముఖం సంగతి నేనే చూస్తాను" అన్నాడు. అందరూ వస్తామని రానివాళ్ళే, ఈయనొక్కడూ వచ్చేలా ఉన్నాడు.

నువ్వు ఆ రోజు పెదబయలు వెళ్ళిపో. బండ ఎక్కకపోతే పదో ఆబ్సెంట్ పడుతుందని తెలుసు, కానీ ఎక్కితే ఆయన కళ్ళముందే పడుతుంది. బ్లాగు నాదే, కథంతా నేనే అల్లానని ఆయనకు చెప్తాను. ఆయన ఫోటో చూశాను. దవడలు లోపలికి పోయి, ముక్కు మీద కోపంతో, నవ్వితే పన్ను రాలిపోతుందేమో అన్నట్టున్నాడు.

ఇట్లు,
కాళ్ళూ చేతులూ ఆడని
స్వర్ణ

తా.క.: ఈ ఉత్తరం ఎవరికీ చదివి వినిపించకు.


పనసపుట్టు,
ఏప్రిల్ 18

చిరంజీవి స్వర్ణకు మావయ్య దీవెనలు. ఇక్కడ అందరం క్షేమం. ముఖాల సంగతి కింద రాస్తున్నాను.

పండగ రోజు పొద్దున్నే జీపొచ్చింది. ఆడవాళ్ళు ఆచారం ప్రకారం పండగ చందా కోసం దారికి అడ్డంగా దుంగ పెట్టి పాట అందుకుంటే, శ్రీకాంత్ గారు ధర్నా అనుకుని చేతులు జోడించి "మీ డిమాండ్లేమిటో రాసివ్వండి" అన్నారట. యర్రమ్మత్త ఆయన చెయ్యి పట్టుకుని వాకిట్లో కూర్చోబెట్టి, అందరికన్నా ముందు అడ్డాకు వేసి, సామన్నం, కోడికూర పెట్టింది. ఆయన దగ్గర సెంటు వాసన గుప్పుమంది. "ఏటి బాబూ, అలా సూత్తన్నావు, తిను" అంది.

నీ ఉత్తరం కూడా ఆయనే తెచ్చారు. జీపు ఇటే వస్తోందని ముంచింగిపుట్టు పోస్టాఫీసులో చేతికిచ్చారట. సత్యకుమారి ఎప్పటిలాగే విప్పి పైకి చదివేసింది. "కొంప మునిగింది" నుంచి "పన్ను రాలిపోతుందేమో" దాకా ఊరంతా విన్నది. ఆయన నమలడం ఆపేశారు. ఎవరికీ చదివి వినిపించకు అని ఆఖర్న రాశావు. అది మొదట్లో రాయాల్సింది తల్లీ.

నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన మాత్రం ఆకు ఖాళీ చేసి, చెయ్యి కడుక్కుని "పదండి, బండెక్కుదాం" అన్నారు. సెంటు సంగతి చెప్పబోతే "నాకు కథలు చెప్పకండి" అని ముందు నడిచారు.

పట్టు దగ్గరికి వెళ్ళేసరికి తేనెటీగలు లేచాయి. నేను ఆయన మీద గొంగళి కప్పి కింద పడేశాను కాబట్టి రెండే కుట్టాయి, రెండూ ఎడమ దవడ మీదే. సున్నం రాశాను. అయినా బూరెలా ఉబ్బింది. ఆ మనిషి ఓర్పుకు మాత్రం దండం పెట్టాలి, అలాగే మూలుగుతూ పైకి ఎక్కారు.

తొమ్మిదీ యాభై. ముందు ఆయన హాజరు వేసుకుందామని తన ఫోన్ తీశారు. "ముఖం సరిపోలలేదు." మూడుసార్లు దిగారు, మూడుసార్లూ అదే మాట. తర్వాత నేను దిగాను. నాకూ అదే. ఇంకో నాలుగు నిమిషాలుంది. పంతొమ్మిదేళ్ళూ ఈ బండ మీదే అయిపోయాయనుకుని అక్కడే కూలబడిపోయాను.

"మీ ఫోన్ కెమెరాలోనే ఏదో ఉంది, ఇటివ్వండి" అని ఆయన నా ఫోన్ లాక్కుని అందులోకి చూశారు. అది టింగుమంది.

"స్వాగతం సర్వేశ్వరరావు గారూ. హాజరు నమోదైంది."

ఇన్ని నెలల్లో గింజ లేకుండా ఒక్క చూపుకే ఒప్పుకోవడం ఇదే మొదటిసారి. నేను లేచి "అది నేను కాదు కదండీ, తీసేయండి" అన్నాను. ఆయన నన్నూ ఫోన్‌నూ కాసేపు మార్చి మార్చి చూశారు. "మీరు ఇక్కడే ఉన్నారుగా. నా కళ్ళతో నేను చూస్తున్నానుగా" అన్నారు. తర్వాత బండ మీద కూర్చుని నవ్వడం మొదలుపెట్టారు. దవడ నొప్పికి మధ్యలో ఏడుపు కూడా వచ్చింది. పన్ను మాత్రం రాలలేదు.

వాపుతో ఉన్న చుట్టాన్ని పంపితే ఊరికి తలవంపులని యర్రమ్మత్త ఇంకా కదలనివ్వట్లేదు. మిగతా పదమూడు ఆకుల భోజనం కూడా వంతులవారీగా ఆయనకే పెడుతున్నాం. హారిక గారి వాటా నిన్నటితో అయింది.

ఇట్లు,
హాజరైన నీ మావయ్య,
సర్వేశ్వరరావు

తా.క.: కింది నాలుగు ముక్కలూ ఆయన సొంత దస్తూరీ. ఉన్నదున్నట్టు టైపు చెయ్యి.

స్వర్ణ గారికి నమస్కారం. వాపు తగ్గలేదు, ఈ ముఖం నాది కాదని నేను చేసిన యాప్ నాకే చెబుతోంది. ఇప్పటికి నాకు ఐదు ఆబ్సెంట్లు. పది పడితే పేరు తీసేయాలన్న రూలు కూడా నేనే పెట్టాను. ఆ రూలు వెంటనే తీసేయమని, అందరికీ కొత్తగా ఫోటోలు తీయమని మా ఆఫీసుకు రాసిన ఉత్తరం ఇందులో ఉంది. దయచేసి టైపు చేసి పంపండి. రాసింది నేనేనా అని వాళ్ళకు అనుమానం వస్తే యర్రమ్మ గారిని అడగమనండి. ఈ కొండ మీద నన్ను గుర్తుపడుతున్నది ఆవిడొక్కరే.