తోలుసంచిలో రోకలి

అన్నా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. లైసెన్సు నీ పేరుతోనే ఉండాదని నీ తుపాకిని మైదుకూరు పోలీసోళ్లు తీసుకపోయినారు. గోడకు ఖాళీ మేకు కనపడితే నిన్ను నరికినోళ్లు మళ్లీ వస్తారేమోనని, తుపాకి తోలుసంచిలో రోకలి దూర్చి తగిలించినా. పట్టపగలే గడియ పెట్టుకుంటాండా.

కడప ఆసుపత్రిలో పనిచేసే తెల్ల దొరసాని ఒకామె, వాళ్ల దేశంలో పోలీసోళ్లు గూడా తుపాకి లేకుండానే తిరుగుతారనింది. నువ్వు వినింటే పడీపడీ నవ్వుతాంటివి. నాకు నవ్వు రాలేదు.

పొద్దున ఎవరో తలుపు దబదబా బాదినారు. లోపల ఉండేది రోకలని తెలిసీ నా చెయ్యి ఆ సంచి మీదికే పోయింది. తలుపు తీస్తే, గాజులమ్మే మస్తానమ్మ. దప్పికతో వచ్చినాది. చెంబు అందిస్తాంటే, "చెయ్యి ఇంతగా వణుకుతాండాదే, జొరమా తల్లీ?" అని ఆ చేతినే పట్టుకొని చూసింది.

సంచిలో నీ తుపాకే ఉండింటే, అన్నా?