దాచమని ఇచ్చిన కప్పులు

మలాజ్, గురువారం రాత్రి

లీయా గారి వాంగ్మూలం తెలుగు చేయడం ఇవాళ్టితో పూర్తయింది. యూదులను పట్టుకెళ్తున్న రోజుల్లో వాళ్లమ్మ తన నీలి అంచు కప్పులను పక్కింటావిడకు దాచమని ఇచ్చిందట. నాజీల క్యాంపు నుంచి లీయా ఒక్కతే బతికొస్తే, ఆ పక్కింటావిడ ఆ కప్పుల్లోనే ఒకదాంట్లో టీ పోసి, "నువ్వొస్తావనుకోలేదమ్మా" అందట. పదిహేనేళ్ల పిల్ల కప్పులు తిరిగి అడక్కుండానే తాగేసి, థాంక్స్ చెప్పి వచ్చేసింది. తొంభై దాటినా ఆ థాంక్స్‌కే సిగ్గుపడుతోంది.

నా స్నేహితురాలు రజియా ఇక్కడి గల్ఫ్ వీసా రద్దు చేసుకుని, ఫైనల్ ఎగ్జిట్ మీద హైదరాబాద్ వెళ్తూ దాచమన్న డిన్నర్ సెట్‌లోనే మేం రోజూ తింటున్నాం. రెండూ ఒకటి కాదని తెలుసు. అయినా ఫోన్ చేశాను.

"పళ్లాల కోసం ఫోనా, పిచ్చక్కా! వాడుకో. నేనింక ఏడ తిరిగొస్త?" అని నవ్వింది.

ఆమె రాదని వినగానే ప్రాణం తేలికపడింది. పక్కింటావిడకూ ఇలాగే తేలికపడి ఉంటుందా, లీయా వాళ్లు ఇక రారని ఎవరో చెప్పిన రోజున...