తీర్పు పద్నాలుగో పేజీలో నా కళ్ళ గురించి రాసిన వాక్యం

పై కోర్టు రిజిస్ట్రారు గారి సముఖమునకు,
కింది కోర్టులో నడిచిన హత్య కేసులో మూడో నంబరు సాక్షి, వృత్తి తాళాల మరమ్మతు, వయసు అరవై రెండు, పెట్టుకొనుచున్న అర్జీ.

విషయం: "ఈ సాక్షికి చూపు సరిగా లేదు, ఇతని మాట నమ్మదగినది కాదు" అని తీర్పులో రాసిన వాక్యమును కొట్టివేయించుట గురించి.

అయ్యా,

తమకు తీరిక ఉండదని ఎరిగియు దిగువ సంగతులు మనవి చేసుకొనుచున్నాను. అర్జీ ఎలా రాయాలో కోర్టు గేటు దగ్గర టైపు చేసే ఆయన రెండు ముక్కలు చెప్పాడు. మిగతాది నా సొంతం. ఎక్కడైనా భాష జారితే మన్నించగలరు.

1. నాది పేవ్‌మెంటు మీద చెక్క బంకు. ఎదురుగా ఉన్న మేడ పై అంతస్తులో పుస్తకాలు బైండు చేసే ఆయన ఉండేవాడు. వీధిలో అందరికీ ఆయన బైండింగు బావే. మేడ ఓనరు చిన్నకొడుక్కి ఆయన చేత ఖాళీ చేయించాలని పట్టుదల. తొమ్మిదేళ్ళ కిందట ఒకరోజు పొద్దున పదకొండు గంటల వేళ నేను తాళంచెవికి ఆకురాయి పడుతుండగా అరుపులు వినబడినవి. తలెత్తి చూచితిని. మెట్లు మేడకు బయటివైపే, నా బంకుకు ఎదురుగానే ఉండును. పై మెట్టు మీద బావ, చేతుల నిండా అప్పుడే బైండు చేసిన పుస్తకాల కట్ట. ఎదురుగా ఓనరు చిన్నకొడుకు.

"ఇవి ఇచ్చేసి వస్తానయ్యా, తరవాత మాట్లాడుకుందాం" అన్నాడు బావ.

అతను రెండు చేతులూ బావ గుండె మీద ఆనించి తోశాడు. పద్దెనిమిది మెట్లు. కాలు జారిందని తరవాత అందరూ అన్నారు. జారలేదయ్యా. తోశాడు. రోడ్డు దాటి పరుగెత్తి బావ తలకింద చెయ్యి పెట్టింది నేనే.

2. చూసినవాళ్ళు ఇంకా ఇద్దరున్నారు. జిరాక్సు షాపాయన తాను కాగితాల కోసం లోపలికి వెళ్ళానన్నాడు. పళ్ళబండి ఆవిడ వారం తిరక్కుండా వీధే మార్చేసింది. వాళ్ళను నేను తప్పు పట్టను. మా ఆవిడ కూడా "మీకెందుకండీ ఈ గొడవ? తలుపులేసుకుని కూర్చోండి" అంది. నా బంకుకు తలుపు ఎక్కడిది?

బావ భార్య బంకు ముందుకొచ్చి నిలబడింది. నేను ఆవిడను చెల్లెమ్మా అని పిలుస్తాను.

"అన్నయ్యా, నువ్వొక్కడివైనా చెబుతావా?"

"చెబుతానమ్మా."

పై రెండు మాటలే ఈ కేసులో నాకు గల సమస్త ప్రయోజనము.

3. మొదటి జడ్జిగారి హయాములో రమారమి మూడేళ్ళు గడిచినవి. ఆయన సెలవులో లేనినాడు ముద్దాయి వకీలుకు జ్వరం, వకీలు కులాసాగా ఉన్ననాడు ఆయన సెలవు. బంట్రోతు నా నంబరు పిలిచేవాడు. హాజరు అనేవాణ్ణి. వాయిదా అనేవాడు. నలభై ఒక్కసార్లు. వరండాలో ఉన్నది ఒకటే బెంచీ. ముద్దాయి బెయిలు మీద వచ్చి ఆ బెంచీ మీదే కూర్చునేవాడు. ఒకసారి "కాస్త జరుగు మామా" అన్నాడు. జరిగాను. ఏం చేయను, చోటు లేదు మరి.

4. కేసు మొదలైన ఆరో ఏట నా కళ్ళకు శుక్లాలు వచ్చినవి. ఆపరేషను రోజునే కోర్టు వాయిదా వచ్చినది. ఆస్పత్రి చీటీ కోర్టులో ఇమ్మని మా ఆవిడ చేత పంపితిని. అది ఏ సొరుగులో పడిందో నాకు తెలియదు. మూడోనాడు కానిస్టేబులు వారంటు పట్టుకొచ్చాడు. పాపం అతనే సిగ్గుపడ్డాడు.

"ఏం చెయ్యను పెద్దాయనా, కాగితం మీద నీ పేరే ఉంది."

కంటికి కట్టుతోనే వెళ్ళాను. రెండో జడ్జిగారు "కోర్టంటే లెక్క లేదా?" అన్నారు.

"కంటికి ఆపరేషనండీ."

"అది కనబడుతూనే ఉంది. కాగితమేదీ?"

సాయంత్రం దాకా గోడవారన నిలబెట్టారు. ముద్దాయి ఆ రోజు రాలేదు. నడుం నొప్పని అతని వకీలు చెబితే అనుమతించిరి.

5. ఎనిమిదో ఏట మూడో జడ్జిగారు వచ్చారు. ఆడమనిషి. ఆమెను గురించి నేను చెడ్డమాట ఒక్కటీ రాయలేను. నా కోసం కుర్చీ వేయించారు. "తొందర లేదు. చూసింది చూసినట్టు చెప్పండి" అన్నారు. ఎనిమిదేళ్ళుగా నోట్లో నానిన మాటలు అప్పుడు బయటికొచ్చాయి.

ముద్దాయి వకీలు లేచి, "నీకు చూపు సరిగా లేదు కదా?" అన్నాడు.

"ఇప్పుడు లేదండీ. అప్పుడు ఉంది. తాళంచెవి పన్ను వెంట్రుకవాసి అరిగినా కనిపెట్టేవాణ్ణి."

జడ్జిగారు కలం కింద పెట్టి తామే అడిగారు. "పడిపోయినాయన చేతుల్లో ఏముంది?"

"పుస్తకాలమ్మా. కింద దాకా వదల్లేదు. ఆస్పత్రిలో వేళ్ళు విడదీసి తీశారు."

ఆమె కలం అందుకుని ఆ మాట తమ చేత్తోనే రాసుకున్నారు. నా మాట చేరవలసిన చోటికి చేరిందని నాకు అప్పుడే తెలిసింది. ఇంటికి వెళ్ళి కడుపు నిండా అన్నం తిన్నాను.

అయితే టైపు అయిన వాంగ్మూలములో వకీలు ప్రశ్ననూ నా జవాబునూ కలిపి ఒక్క ముక్క చేసిరి: "నాకు చూపు సరిగా లేదన్న మాట నిజం." అంతే. చదివి వినిపించమని గుమాస్తాను అడిగితిని. "అంతా నువ్వు చెప్పిందేగా, పెట్టు సంతకం" అన్నాడు. పెట్టాను. అది నా తప్పు, ఒప్పుకొనుచున్నాను.

వాదనలు పూర్తయినవి. తీర్పు తేదీ కూడా వేశారు. దానికి పదకొండు రోజులున్నాయనగా ఆ జడ్జిగారికి బదిలీ అయినది.

6. నాలుగో జడ్జిగారు నన్ను ఎన్నడూ చూడలేదు. చూడనక్కరలేదట, ఫైలు చాలునట. మళ్ళీ వాదనలు విని తీర్పు చదివారు. నేను వెనక వరసలో ఉన్నాను. నా కళ్ళ మాట రాగానే ఉండబట్టలేక లేచాను.

"అయ్యా, ఆ సాక్షిని నేనేనండీ. అప్పుడు చూపు..."

"ష్! కూర్చో" అన్నాడు బంట్రోతు.

జడ్జిగారు తలెత్తలేదు. ముద్దాయి నిర్దోషి అన్నారు. నాకు ఆయన మీదా కోపం లేదు. ఆయనకు కాగితం ఇచ్చారు, మనిషిని ఇవ్వలేదు. కానీ అయ్యా, మనిషి ఆ గదిలోనే, పది అడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు.

7. తీర్పు నకలు చెల్లెమ్మ తీసుకుని ఎవరిచేతో చదివించుకుంది. మర్నాడు బంకుకు వచ్చింది.

"అన్నయ్యా, ఒకటడుగుతాను, కోప్పడకు. ఆ రోజు నీకు నిజంగానే కనబడిందా?"

ముద్దాయి వకీలు గంటన్నర అడిగినా నేను తడబడలేదు. ఈ ఒక్క ప్రశ్నకు నా నోరు పెగల్లేదు. పెగిలేలోపు వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. రోడ్డుకు అవతలివైపు నుంచి నడుస్తోంది.

కోర్టు ఆఫీసుకు వెళ్ళి అప్పీలు చేస్తానంటిని. అక్కడి గుమాస్తా నవ్వాడు. "నువ్వు ముద్దాయివా? కాదు. ఫిర్యాదివా? కాదు. సాక్షివి. సాక్షికి అప్పీలేమిటయ్యా?" రాకపోతే పట్టుకొచ్చేటంత అవసరమైనవాణ్ణి, నోరు విప్పితే ఏమీ కానివాణ్ణి ఎలా అయ్యానో తమరు తెలియజేయగలరు.

కావున తమరిని కోరునది ఏమనగా: ముద్దాయిని శిక్షించమని నేను అడుగుట లేదు. అది సర్కారు పని, సర్కారు ఊరుకున్నది. నా వాక్యమును కొట్టివేయించండి. అట్లు వీలుకానియెడల, నేను చెప్పిన జవాబులో వదిలేసిన "అప్పుడు ఉంది" అను రెండు మాటలు పక్కన చేర్పించండి. ముద్ర వేసిన కాగితం ఒకటి ఇప్పించినచో చెల్లెమ్మకు చూపించుకొందును. నా మాట ఆమె నమ్మదు, ముద్రను నమ్మును.

ఈ మనవి తమ చిత్తమునకు ఎక్కునని ఆశించుచు,

పిలిచినప్పుడల్లా వచ్చిన తమ విధేయుడు,
మూడో నంబరు సాక్షి

మళ్ళీ మనవి: ఇది నిన్న పోస్టు చేయవలసినది. కవరు అంటిస్తుండగా మా వీధి మలుపులో లారీ ఒక సైకిలు మనిషిని కొట్టి ఆగకుండా పోయింది. అతని కాలు నుజ్జయింది. కొత్త కానిస్టేబులొకడు పుస్తకం తీసుకుని నా దగ్గరికి వచ్చాడు.

"పెద్దాయనా, ఇక్కడే కూర్చుంటావు కదా, ఏమైనా చూశావా?"

చూశాను. మొన్న వేయించుకున్న కొత్త కళ్ళద్దాల్లోంచి లారీ రంగు చూశాను, నంబరు చూశాను, డ్రైవరు మొహం కూడా చూశాను.

"చూడలేదు బాబూ" అన్నాను.

మారు ప్రశ్న వేయలేదు. చెప్పింది చెప్పినట్టు రాసుకుని వెళ్ళిపోయాడు.