ఫుట్‌పాత్ మనదైంది

తమ్ముడూ,

మాత్ర వేసుకుని, కూర వేడి చేసుకుని తిను. తర్వాత అడుగులు లెక్కపెట్టే ఆ బ్యాండ్ చేతికి పెట్టుకుని వీధిలోకి రా. సొరుగులోంచి తీసి నేనే ఛార్జింగ్ పెట్టాను.

గెలిచాం! మన ఫుట్‌పాత్ మీద ఇప్పుడు ఒక్క కారు లేదు. పొద్దున మన వీధి షుగర్ వాళ్లమంతా బృందంగా మున్సిపల్ ఆఫీసుకు వెళ్లాం. "డాక్టరేమో నడవమంటాడు, నడిచే చోటేమో మీరు కార్లకిచ్చారు. ఇక ఇక్కడే నడుస్తాం" అని ఇంజనీరు బల్ల చుట్టూ తిరిగాం. కదలమని మా చేతి బ్యాండ్లు గుర్రుమన్నప్పుడల్లా ఇంకో చుట్టు!

"అమ్మా, మీకు దండం పెడతాను, కాసేపు కూర్చోండి" అన్నాడు.

"కూర్చుని కూర్చునే ఇంతదాకా తెచ్చుకున్నాం బాబూ" అంది పక్కింటి టైలరమ్మ.

మధ్యాహ్నానికల్లా క్రేన్ వచ్చి కార్లన్నీ లాక్కెళ్లింది.

ఫుట్‌పాత్ దొరక్క రోడ్డు మీద నడుస్తుంటే నిన్ను ఆ స్కూటర్ గుద్దినప్పటి నుంచి నువ్వు గడప దాటలేదు, షుగర్ దిగలేదు. నిన్ను బద్ధకస్తుడన్న వాళ్లందరికీ ఇవాళ నోరు మూయించాను. మళ్లీ ఎవడూ బండి ఎక్కించకుండా కాపలాకి ముందే వెళ్తున్నా. నువ్వు రాకపోతే బృందమంతా వచ్చి నీ మంచం చుట్టూ తిరుగుతాం.

అక్క

ఇంకో మాట: లోపలి వైపు నువ్వు నడువు. రోడ్డు వైపు నేనుంటాను.