ఒడ్డుకు రానివారి వరస

గౌరవనీయులైన భూసేకరణ అధికారి గారి సముఖానికి,
గవ్వలపాలెం మత్స్యకార గ్రామ నివాసిని, కీ.శే. పోలిరాజు కుమార్తె, డిగ్రీ రెండో సంవత్సరం విద్యార్థిని దేవి వినయపూర్వకంగా సమర్పించుకొను మనవి.

విషయం: లారీల రోడ్డు నిమిత్తం సేకరించదలచిన మా శ్మశాన దిబ్బ – హైకోర్టులో మేము వేసిన ప్రమాణపత్రంలో ఒక వాక్యం నిజం కాకపోవుట – తమరు తవ్వించక ముందే ఆ సంగతి మేమే తెలియజేసుకొనుట గురించి.

అయ్యా,

1. అచ్యుతాపురం ఫ్యాక్టరీల లారీలు జెట్టీకి చేరేందుకు వేయబోయే రోడ్డు మా దిబ్బ మీదుగా పోతుంది. దానిని ఆపమని మా ఊరివాళ్ళం హైకోర్టుకు వెళ్ళాం. కోర్టు స్టే ఇచ్చి, అక్కడ సమాధులు ఉన్నదీ లేనిదీ స్వయంగా చూసి నివేదిక ఇవ్వమని తమరిని ఆదేశించింది. సోమవారం తనిఖీకి వస్తారని, అనుమానం కలిగిన చోట తవ్వించి చూస్తారని మాకు నోటీసు అందింది.

2. తమ కార్యాలయం వారి మొదటి నివేదికలో మా దిబ్బను "నిరుపయోగమైన ఇసుక భూమి, సమాధులు లేవు" అని పేర్కొన్నారు. సర్వేయరు వీర్రాజు గారు వచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. ఆయన జీపు దిగలేదు. "ఏవుందండీ ఇక్కడ, ఇసకే గదా" అన్నారు. మా పెదనాన్న దాలయ్య, "దిగి సూడండి బాబూ, మా అయ్య మీ టైరు కిందే ఉన్నాడు" అన్నాడు. అయినా దిగలేదు. "నిరుపయోగం" అనే మాట నాకు కొత్త. బాగుందనిపించింది. దిబ్బ మీద నిలబడి ఒకసారి పైకి అని చూశాను. అక్కడ బాగోలేదు.

3. ఇక మా తప్పు. ఇంగ్లీషులో ఉన్న మా ప్రమాణపత్రాన్ని నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. దిబ్బలోని సమాధులన్నింటిలోనూ మా కుటుంబసభ్యుల భౌతికకాయాలు ఖననమై ఉన్నాయని అందులో ఉంది. అది నిజం కాదు. సముద్రం వైపు ఉన్న చివరి వరసలో భౌతికకాయాలు లేవు. ఆరేళ్ళ కిందట చేపల వేటకు వెళ్ళి తిరిగి రాని మా నాన్న పోలిరాజు ఆ వరసలోనే ఉన్నాడు. అంటే లేడు.

4. తమరు ఈ జిల్లాకు కొత్త అని విన్నాను కనుక మా ఆచారం వివరిస్తాను. వేటకు వెళ్ళినవాడు తిరిగి రాకపోతే, వెతికే పడవలన్నీ వచ్చేశాక, అతను విడిచి వెళ్ళిన చొక్కా, అతని వలకు కట్టిన బెండు ఒకటి, కెరటం తడిపిన ఇసుక ఒక గుప్పెడు గోతిలో పెడతాం. మూడు వైపులా రాళ్ళు పేర్చి, సముద్రం వైపు మాత్రం ఇసుకను వదులుగా వదిలేస్తాం. అది అతను లోపలికి రావడానికి దారి. ఎప్పుడైనా ఆ పక్క ఇసుక కుంగితే మనిషి వచ్చేశాడని అనుకుంటాం. ఒకసారి మూసిన గోతిని ఇంటివాళ్ళు మళ్ళీ తాకకూడదు.

5. ఆ అబద్ధపు వాక్యం ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. సంతకాల కోసం వచ్చిన ప్లీడరు గారు ఒక్కొక్క సమాధి చూపించి ఎవరిదని అడిగారు. మా అమ్మ పోతమ్మ వంతు వచ్చింది.

"మీ ఆయన ఇక్కడే ఉన్నాడా అమ్మా?"

"ఉన్నాడు బాబూ. ఆరేళ్ళు తిరిగాడు గానీ మొన్న తుపానుకి వచ్చీసినాడు."

ఆయన నవ్వి, ఉన్నట్టే రాసుకున్నారు. అమ్మ అబద్ధం ఆడలేదు. మొన్న తుపాను వెలిసిన మర్నాడు నాన్న గోతిలో సముద్రం వైపు ఇసుక నిజంగానే కుంగింది. వానకు ఇసుక కుంగుతుందని నాకు తెలుసు. కానీ ఆ రోజు నుంచి అమ్మ ఇంటి తలుపు గడియ పెట్టడం మానేసింది. ఇది అర్జీలో రాయదగిన సంగతి కాదు. ఏదీ దాచకూడదని నేనే అంటున్నాను కాబట్టి రాస్తున్నాను: గడప దగ్గర ఎవరో కాళ్ళకు అంటిన ఇసుక దులుపుకుంటున్న చప్పుడు నేను కూడా విన్నాను. లేచి చూడలేదు.

6. ద్వారకా నగర్ గ్రంథాలయంలో కొన్ని భూసేకరణ తీర్పులు చదివాను. తెలిసిన సంగతిని కోర్టుకు చెప్పకుండా దాచినవారి పిటిషను, మిగతాదంతా న్యాయమే అయినా, కొట్టివేయవచ్చునని వాటిలో ఉంది. తమరు ఆ చివరి వరస తవ్వితే చొక్కా పీలికలు తప్ప ఏమీ దొరకవు. ఊరంతా అబద్ధం ఆడిందని తేలుతుంది. స్టే పోతుంది. దిబ్బ పోతుంది. నిజంగా దేహాలున్న తాతలూ పోతారు.

ఈ మాట ఊళ్ళో చెప్పినప్పుడు పెదనాన్న మండిపడ్డాడు. "ఏటే దేవీ, సదివించినందుకు మా గోతులు నువ్వే తవ్వుతన్నావేటి?"

"నాను తవ్వడం నేదు పెదనానా. ఆల్లే వచ్చి తవ్వుతారు. అప్పుడు నేదని తేలితే, ఉన్నోళ్ళు కూడా అబద్ధం అయిపోతారు."

"మరి మా తమ్ముడు అందులో నేడని ఆ కాయితం మీద రాసేత్తావా? మీ అమ్మ మొహం సూసి రాయి."

నేను అమ్మ మొహం చూడలేదు. పెదనాన్న సముద్రం వైపు తిరిగి, "సరే, రాయి. ఆడి పేరు మట్టుకు తప్పు రాయకు" అని సంతకం పెట్టాడు. తక్కిన వాళ్ళూ పెట్టారు. సవరించిన ప్రమాణపత్రాన్ని ప్లీడరు గారు ఈ వారమే కోర్టులో దాఖలు చేస్తున్నారు. నకలు జతపరిచాను.

7. కావున మా ప్రార్థనలు:

(అ) చివరి వరసలో దేహాలు లేవని మేమే ఒప్పుకుంటున్నాం కనుక ఆ వరసను తవ్వించవద్దు.

(ఆ) నివేదికలో ఆ గోతులను ఖాళీ స్థలంగా రాయవద్దు. "దేహం దొరకనివారి సమాధులు" అని రాయండి. అంతకంటే సరైన మాట నాకు దొరకలేదు. తమరికి తెలిస్తే అదే రాయండి.

(ఇ) మా వాక్యాన్ని మేము దిద్దుకున్నాం. "సమాధులు లేవు" అన్న తమ వాక్యాన్ని తమరు కూడా కోర్టులో దిద్దాలి. జీపు దిగి చూసి.

ఇందులో ఎక్కువ చేసి గానీ తక్కువ చేసి గానీ ఏదీ రాయలేదని చిత్తగించి, దయ ఉంచవలెనని వేడుకుంటున్నాను.

తమ విధేయురాలు,
పోలిరాజు కుమార్తె దేవి
గవ్వలపాలెం

తాజా కలం: అయ్యా, సంతకం పెట్టాక ఇదంతా అమ్మకు చదివి వినిపించాను. ఆ వరస తవ్వించవద్దు అన్న దగ్గర ఆపమంది.

"మనది తవ్వమని రాయి."

"ఎందుకే అమ్మా?"

"నాను తవ్వకూడదు, ఇంటోళ్ళం. గవుర్మెంటోళ్ళు తవ్వితే తప్పేటి? వచ్చీసినాడో నేదో ఓపాలి సూసుకుంటాను."

అందుచేత 7(అ)లోని ప్రార్థన మా నాన్న గోతికి వర్తించదని మనవి చేసుకుంటున్నాను. అమ్మ అప్పుడే పెట్టెలోంచి పెళ్ళినాటి చీర తీసి ఎండలో వేసింది. సోమవారం అది కట్టుకుని తమరి పక్కనే నిలబడుతుంది. లోపల నాన్న లేకపోతే నివేదికలో లేడనే రాయండి. అమ్మతో మాత్రం తమరు అనవద్దు. నా వైపు చూడండి. నేను చెబుతాను.