మెరవని జాజు

నాయినా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. తొర్రూరులో మా బడి వార్షికోత్సవం కూడా ఇవాళే. భాగోతాల్లో నువ్వు ముఖాలు దిద్దేవాడివి. నువ్వు చదివించి టీచరును చేసిన నేను, ఇవాళ మొదటిసారి ఒక ముఖం దిద్దాను.

తొమ్మిదో తరగతి సుజాతవి గుండ్రటి బుగ్గలు. నాటకంలో ఆమెది ముసలవ్వ వేషం. బుగ్గలు పీక్కుపోయినట్టు కనిపించాలని, వరంగల్ నుంచి తెప్పించిన గోధుమరంగు పౌడరు చెంప ఎముకల కింద పూశాను. లైటు పడగానే అది తళతళలాడి, బుగ్గలు ఇంకా ఉబ్బినట్టు కనిపించాయి. పిల్లలు నవ్వారు.

"గిట్లయితే నేను స్టేజీ ఎక్క టీచర్!" అని సుజాత ఏడ్చింది.

అప్పుడు నువ్వు జాజును, ఆ ఎర్రమట్టి రంగును, చేతిమీద రుద్ది, ఎండకు తిప్పి చూసుకోవడం గుర్తొచ్చింది. "మెరిస్తే ఉబ్బుతది బిడ్డా, మెరవకుంటే లోతైతది" అనేవాడివి. నీకది ఎవరు చెప్పారు? నీ అంతట నువ్వే కనిపెట్టావా? అడగనే లేదు.

గోడలకు పూసే జాజు తెప్పించి, కొంచెం మసి కలిపి, నీలాగే చేతిమీద చూసుకున్నాను. మెరవలేదు. "బుగ్గలు లోపలికి గుంజు" అని చెప్పి, పడిన గుంటల్లో పొడిపొడిగా అద్దాను.

సుజాత స్టేజీ ఎక్కగానే ముందు వరుసలోంచి వాళ్ల అవ్వ, "ఓసి, అచ్చం నా లెక్కనే ఉన్నవేందే!" అని అరిచింది. అందరూ చప్పట్లు కొట్టారు.

నాటకం అయ్యాక తడిగుడ్డతో తుడిస్తే సుజాత బుగ్గలు మళ్లీ గుండ్రంగా వచ్చాయి. దవాఖానలో నీ చెంప ఎముకల కింద పడిన నీడను కూడా తడిగుడ్డతోనే తుడిచాను నాయినా. అది పోలేదు.

నీ బిడ్డ