పుస్తకంలోని అక్క

హనుమకొండ,
12-3-1978

ప్రియమైన నీలక్కకు,

తమ్ముడు ఆనందరావు వందనాలు. టెలిగ్రాం అందింది. ఇశ్రాయేలు ఇక లేడన్న మాట మళ్లీ మళ్లీ చదివాను. మొన్న క్రిస్మస్‌కు నా చొక్కా తొడుక్కుని నవ్విన పిల్లవాణ్ని టైఫాయిడ్ తీసుకుపోయిందంటే నమ్మలేకపోతున్నాను. వెంటనే బయల్దేరదామనుకున్నాను. కాలేజీలో పరీక్షల డ్యూటీ పడింది, సెలవు ఇవ్వలేదు. సమాధి వేళకు అందుకోలేకపోయాను.

నీకు ధైర్యం చెప్పేటంతటివాణ్ని కాను అక్కా. బావ పోయాక ఆస్పత్రిలో ఆయాగా చేరి కొడుకు ఇశ్రాయేలునూ నన్నూ పెంచావు. నిన్ను చూసే కదా నా నవల రాశాను. అందులో ఆమె భర్తను మట్టిచేసి వచ్చి, కంట తడి లేకుండా పనికి పోతుంది. చదివినవాళ్లంతా ఆ పేజీ గురించే చెబుతున్నారు. నువ్వు ఆ మనిషివి. దీన్ని కూడా తట్టుకుంటావు.

ఎండాకాలం సెలవుల్లో తప్పక వస్తాను.

నీ తమ్ముడు,
ఆనందం


యాకుత్‌పురా,
2-4-1978

చిరంజీవి ఆనందానికి,

అక్క దీవెనలు. నీ ఉత్తరం వచ్చింది. జవాబు రాయడం ఆలస్యమైంది.

సమాధి రోజు చర్చివాళ్లందరూ ఇంటికి వచ్చారు. చాలామంది నీ పుస్తకం చదివారట. ‘నీకేం చెప్పాలి నీలమ్మా, నిన్ను చూసి మేము నేర్చుకోవాలి’ అని, టీ తాగి, తొందరగానే లేచిపోయారు. పాస్టరు గారు ప్రసంగంలో కూడా నీ నవల మాటే ఎత్తారు. అందరూ నా ముఖం చూస్తుంటే నాకు ఏడుపు రాలేదు.

మన గల్లీ చివర బర్రెలున్న లలితమ్మ తెలుసు కదా. ఆమెకు చదువు రాదు. సాయంత్రం పాలు పితకడం అయ్యాక గంజి కాచుకుని వచ్చింది. నా పక్కన కింద కూర్చుని, “ఏంది నీలమ్మా, గిట్ల రాయి లెక్క కూసున్నవ్? కడుపుల పెట్టుకోకు, ఏడ్వు” అంది. అప్పుడు ఏడ్చాను. తెల్లారేదాకా ఆమె ఇంటికి పోలేదు.

బావ పోయినప్పుడు నేను ఏడవలేదని రాశావు. నువ్వు చిన్నవాడివి. బకెట్లో నీళ్లు చప్పుడయ్యేటట్టు పోసుకుంటూ స్నానాల గదిలో ఏడ్చేదాన్ని, వింటే బెదురుతావని.

పాస్టరు గారు సంతోషంగా ఒక పేపరు తెచ్చి చూపించారు. వరంగల్‌లో నీకు సన్మానం జరిగిన ఫోటో. మెడలో దండ ఉంది. మేము ఇశ్రాయేలును సమాధి చేసిన రోజే అది. ఫోటో బాగా వచ్చింది.

ఆరోగ్యం చూసుకో.

నీ అక్క,
నీలమ్మ


హనుమకొండ,
19-5-1978

అక్కా,

ప్రియమైన అని రాయబోయి ఆగిపోయాను. రాసిన ఉత్తరాలన్నీ చింపేశాను.

పరీక్షల డ్యూటీ అబద్ధం. సన్మానానికి హాలు మాట్లాడేశారు, పెద్దలను పిలిచారు. అక్క గట్టి మనిషి, నేను లేకపోయినా నిలబడుతుందిలే అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను. వేదిక మీద ఒకాయన ఆ పేజీ చదివి వినిపించాడు. జనం చప్పట్లు కొట్టారు. టెలిగ్రాం నా జేబులో ఉంది. నేను లేచి నమస్కారం పెట్టాను.

మొన్న సెలవులకు ముందు చివరి క్లాసులో 1908 నాటి హైదరాబాద్ మూసీ వరద పాఠం చెప్పాను. ‘కొన్నేళ్లలో నగరం తేరుకుంది’ అని పుస్తకంలో ఒక్క వాక్యం. ఏటేటా దాన్ని చదివి పేజీ తిప్పేవాణ్ని. ఈసారి పుస్తకం మూసేశాను. తేరుకున్నది ఎవరు? ఎవరి పక్కన ఎవరు కూర్చుంటే తేరుకున్నారు? చరిత్ర చెప్పేవాణ్ని, నవల రాసేవాణ్ని, ఒక్కసారీ అడగలేదు.

రెండో ముద్రణ వేస్తామంటున్నారు. ఆ స్నానాల గది సంగతి చేర్చి ఆ పేజీ తిరగరాస్తానని, నీ అనుమతి అడగాలని కూర్చున్నాను. అంతలోనే సిగ్గేసింది. నీ దుఃఖం చేతికందీ అందకముందే కాగితం వెతుక్కుంటున్నాను.

సెలవులు వచ్చాయి. ఏ మొహంతో రావాలో తెలియడం లేదు.

ఆనందరావు


యాకుత్‌పురా,
27-5-1978

ప్రియమైన తమ్ముడికి,

ఏ మొహంతో రావాలని అడిగావు. ఉన్న మొహంతోనే రా.

నీ మీద కోపం పోయిందనుకోకు. పోలేదు. వస్తే నాలుగు మాటలు అంటాను, పడు.

నీ పుస్తకం మొదటిసారి మొత్తం చదివాను. అందులో ఆమె మంచిదే కాని నాకు తెలిసిన మనిషి కాదు. ఆమెకు మోకాళ్లు నొయ్యవు. ఎవరి మీదా విసుక్కోదు. ఆ పేజీ మారుస్తావో ఉంచుతావో నీ ఇష్టం, నన్ను అడగకు.

పోయిన వారం వార్డులో దుప్పట్లు మారుస్తుంటే ఇశ్రాయేలు వయసు పిల్లవాడొకడు జ్వరంతో పడుకుని ఉన్నాడు. వాడు నీళ్లు అడిగాడు. నేను అక్కడే కూలబడ్డాను. పెద్ద నర్సు విమలాదేవి వచ్చి, నువ్వే ఇట్లా అయితే ఎట్లా, నీకు ధైర్యం ఎక్కువ కదా అంది. నేను అన్నాను, “ధైర్యం లేదమ్మా. నాతోని అయితలేదు.”

ఇన్నేళ్లలో ఆ మాట ఎవరితోనూ అనలేదు. అంటే ఏమవుతుందోనని భయపడ్డాను. ఏమీ కాలేదు. ఆమె స్టూలు వేసి కూర్చోబెట్టింది. టీ తెప్పించింది. సెలవు రాయించి రిక్షాలో ఇంటికి పంపింది.

కొన్నాళ్లు నీ దగ్గర ఉండాలనుంది. వాడి బట్టలు ఇంకా దండెం మీదే ఉన్నాయి. నువ్వు వచ్చి వాటిని మడతపెట్టు, ఇంటికి తాళం వెయ్యి, నన్ను తీసుకుపో. నేను ఒక్కదాన్ని రాలేను.

ఎదురుచూస్తూ,
అక్క